పదకొండో పేరు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. షేర్ ఆటో దిగిన ఒక అమ్మాయి నా దుకాణం ముందు నిలబడి, చేతిలోని ట్యాబ్ చూసుకుంటూ, "అఫ్షా బేగం ఇల్లు గిదేనా అంకుల్?" అని అడిగింది.

నేను పరుపు కుడుతున్నాను. దబ్బనం గుడ్డలో సగం దిగి ఉంది. తల ఎత్తలేదు.

"ఏం పని?"

"హైదరాబాద్ నుంచి వచ్చిన. క్యాన్సర్ దవాఖాన. అయిదేండ్ల కింద ఆమె మా దగ్గర ట్రీట్‌మెంట్ తీసుకున్నరు. ఇప్పుడెట్లున్నరో రాసుకపోవాలె. అప్పుడు రాయించిన నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ట్రాక్టర్ డ్రైవర్ ఎత్తుతుండు. రెండుసార్లు తిట్టిండు గూడ."

దబ్బనం వదిలేశాను.

"గీమెనే," అని ట్యాబ్ నా వైపు తిప్పింది. ఆసుపత్రిలో చేర్చుకున్న రోజు తీసిన ఫోటో. తెల్ల గోడ, ముఖం చుట్టూ నల్ల దుపట్టా, నిద్ర చాలని కళ్లు. ఆ ఫోటో ఒకటి ఉందని నాకు తెలియదు. కింద అఫ్షా బేగం అని రాసి ఉంది.

ఫోటోలో ఉన్నది అఫ్షా కాదు. అఫ్షా నా తమ్ముడు తారిఖ్ భార్య. ఆ పూట కూడా గోడ అవతల రొట్టెలు కాలుస్తోంది, పెనం చప్పుడు నాకు వినబడుతోంది. ఫోటోలో ఉన్నది నా భార్య మన్సూరా. పోయి ఐదేళ్ల రెండు నెలలైంది.

అమ్మాయి నీళ్లు అడిగింది. ఇచ్చాను. పేరు రచన అని చెప్పింది. దూది బస్తా మీద కూర్చోబోతే స్టూలు చూపించాను. దూది ఒకసారి అణిగితే మళ్లీ ఏకాలి.

"ఇంత దూరం వచ్చి రాసుకపోతే ఏమొస్తది?"

"లెక్క వస్తది అంకుల్. గీ బీమారి దేశంల ఎందరికి వస్తుంది, వచ్చినోళ్లల్ల ఎందరు బతుకుతున్నరు అని. పొద్దుగాల పాపన్నపేట పోయిన, నిన్న కుల్చారం దిక్కు. ఆ యేడు మీ జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చినోళ్లు పదకొండు మంది. పదిమంది లెక్క అయిపోయింది. గీమె పదకొండోది."

"ఎందరికి వస్తుంది మరి?"

"లింఫోమానా? లక్షకు ఇద్దరు, ముగ్గురు. వేరే దేశాలల్ల ఇంతకు ఐదారింతలు ఉంటది."

"మనకు తక్కువెందుకు?"

గ్లాసు కింద పెట్టింది. "నిజంగనే తక్కువనో, దొరకక తక్కువనో, మా సార్లకే పక్కా తెల్వదు. మెడకు బిళ్ల కడితే టీబీ అనుకుంటరు. టీబీ మందులు మింగుకుంటనే పోతరు. మా దాక రారు. రానోళ్లు లెక్కల ఉండరు గదా."

కుల్చారం బడిలో నేను ఏడో తరగతి వరకు చదివాను. భాగాహారం వచ్చు. లక్షకు ఇద్దరంటే యాభై వేలున్న మా మెదక్ టౌనుకు ఏడాదికి ఒక్కరు. ఆ ఏడాది వాటా నా ఇంట్లో పడింది.

మన్సూరా మెడలో బిళ్లను మొదట కనిపెట్టింది నేనే. ముప్ఫై ఏళ్లుగా దూది ఏకుతున్నాను. పరుపు మీద అరచెయ్యి ఆనిస్తే లోపల గింజంత ఉండ ఉన్నా నా చేతికి తెలుస్తుంది. ఒకరోజు తాయెత్తు దారం ముడి వేయమని ఆమె వెనక్కి తిరిగింది. వేలికి తగిలింది. చింతగింజంత. గట్టిగా, రబ్బరులా. నొప్పి లేదంది. నొప్పి లేదు కదా అని నేను ఊరుకున్నాను. అది నా తప్పు. మిగతావి వేరేవాళ్ల తప్పులు.

ప్రైవేటు డాక్టరు ఒకడు చేత్తో తడిమి టీబీ అన్నాడు. ముక్క తీసి పరీక్ష చేయించలేదు. మా వైపు మెడలో బిళ్ల అంటే ఎవరైనా టీబీ అనే అంటారు. ఆ ఎవరైనాలో అతనూ ఒకడు. ఏడు నెలలు మందులు మింగింది. ఒక బిళ్ల ఐదయ్యాయి. చంకల్లో తేలాయి, గజ్జల్లో తేలాయి. "మందు పని చేస్తుంది, లోపలి విషం బయటికి వస్తుంది," అన్నాడు. రాత్రి చెమటకు పరుపు తడిసిపోయేది. పొద్దున ఎండలో వేసేవాణ్ణి. ఊరందరికీ పరుపులు కుట్టేవాడి ఇంట్లో ఎండని పరుపు అదొక్కటే.

హైదరాబాద్‌లో ఒక బిళ్ల కోసి పరీక్షకు పంపారు. లింఫోమా అన్నారు. ఆరు కీమోలు, మూడు వారాలకొకటి. "ఆరూ పడితే బతికే అవకాశం సగానికి పైనే," అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అలాగే ఉండిపోయింది నాలో. సగానికి పైనే.

డబ్బు కట్టకుండా వైద్యం జరగాలంటే పేదలకిచ్చే సర్కారు కార్డు కావాలి. దుకాణం లైసెన్సు నా పేరు మీద ఉంది కాబట్టి నాకు కార్డు లేదు. తారిఖ్‌కు ఉంది. అఫ్షా మన్సూరాకు సొంత చెల్లెలు. అక్కచెల్లెళ్లను మా అన్నదమ్ములకు ఇచ్చారు. ఇద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే కళ్లు, రెండేళ్ల తేడా. చుట్టాలే పొరపడేవాళ్లు. అందుకని ఆసుపత్రిలో మన్సూరా అఫ్షా అయింది.

మొదటిరోజు "అఫ్షా బేగం" అని పిలిస్తే లేవలేదు. నేను మోచేత్తో పొడిచాను.

"చిన్నప్పుడు నా గాజులన్ని అది ఏసుకునేది," అంది లేస్తూ. "గిప్పుడు దాని పేరు నేను ఏసుకున్న. సరికి సరి."

నాలుగు కీమోలు పడ్డాయి. బిళ్లలు కరిగాయి. నా వేళ్లతో నేనే వెతికి చూశాను, దొరకలేదు. ఐదోదానికి పోయేసరికి కౌంటరు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు. మన్సూరా వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. "చేతికి నూనె ఉన్నట్టుంది, రేపు రండ్రి," అన్నాడు అక్కడి మనిషి. మంచివాడే. రేపు అఫ్షాను తీసుకుపోవాలి. ఆమె వేలు పెట్టాలి, మన్సూరా మంచం మీద పడుకోవాలి. అంతే పని.

పొద్దున అయిదింటికి అఫ్షా బుర్ఖా వేసుకుని తయారైంది. గడపలో తారిఖ్ అడ్డం నిలబడ్డాడు. "దొరికితే ఇద్దరం జైలుకే భాయ్. నాకు పిల్ల ఉన్నది," అన్నాడు. అఫ్షా గడప లోపలే ఆగిపోయింది. బస్సు పోయింది. మరుసటి రోజూ అంతే. దూది ఏకే మిషన్ అమ్మకానికి పెట్టాను. కొనేవాడు కుదిరేలోగా బిళ్లలు తిరిగొచ్చాయి.

ఇంట్లోనే పోయింది. కాగితం మీద సొంత పేరే రాయించాను. మన్సూరా బేగం, ముప్ఫై తొమ్మిదేళ్లు. దేనితో పోయిందని అడిగారు. జ్వరం అన్నాను. వేరే మాట చెబితే కార్డు సంగతి బయటపడుతుంది.

ఆ తర్వాత తారిఖ్ గడప నేను తొక్కలేదు. మధ్యలో ఉన్నది ఇటుక గోడ ఒక్కటే.

"అంకుల్, ఇల్లు చెప్తరా జర? మూడింటికి బస్సున్నది నాకు."

"రా," అని లేచాను. వాళ్లు ఏం చెబుతారో వినాలనిపించింది.

తారిఖ్ మంచం మీద ఉన్నాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్. అది ఏడాదిగా నడుస్తోందని గోడ అవతలి మాటల వల్ల నాకు తెలుసు. జబ్బు పడ్డాక మనిషిని చూడటం ఇదే మొదటిసారి. ఎడమ చేతికి దూది పట్టీ. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను గడపలో చూసి లేవబోయాడు.

"భాయ్? నువ్వా? నేను పోయిన్నని ఎవరన్న చెప్పిండ్రా ఏంది, చూసెటందుకు వచ్చినవ్?"

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం. రచన ముందు అందరం తెలుగే మాట్లాడాం, ఆ అమ్మాయికి అర్థం కావాలని.

అఫ్షా పిండి చేతులతో బయటికి వచ్చింది. రచన ట్యాబ్ చూసింది, ముఖం చూసింది, మళ్లీ ట్యాబ్ చూసింది.

"అఫ్షా ఆంటీ మీరేనా? అబ్బ, ఎంత మంచిగున్నరు! మూడు రోజుల సంది తిరుగుతున్న ఆంటీ. సగానికి పైన ఇండ్లల్ల ఫోటోకు దండనే ఉన్నది. మీరేమో రొట్టెలు చేస్తున్నరు!"

తను ఎక్కడి నుంచి వచ్చిందో రచన చెప్పింది. అఫ్షా తారిఖ్ వైపు చూసింది. తారిఖ్ కళ్లు మూసి తెరిచాడు. అఫ్షా చేతులు కడుక్కుని, తల నిండా కొంగు లాక్కుని, మంచం పక్కన పీట మీద కూర్చుంది. నేను గడప దగ్గరే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"నాలుగు కీమోల తర్వాత మీరు రాలేదు. ఎందుకు ఆంటీ?"

తారిఖ్ అందుకున్నాడు. "మాలిక్ దయ. బాగైంది. ఇగ ఎందుకని బంజేసినం."

"నాలుగుతోనే?" రచన గబగబా రాసుకుంది. "మా సార్ ఇంటే ఎగిరి గంతేస్తడు. కొందరికి ఆరు అవసరమా, నాలుగు సరిపోవా అని గిప్పుడు పెద్ద పెద్దోళ్లే మాట్లాడుకుంటున్నరు. మీ అసొంటి మనిషి దొరకడమే కష్టం. మొదట ఎట్ల తెలిసింది ఆంటీ?"

"మెడల చింతగింజంత బిళ్ల. నొప్పి లేకుండె," అంది అఫ్షా.

"ఆఁ."

"టీబీ అన్నరు. ఏడు నెలలు గోలీలు. నోరంత ఇనుము నాకినట్టు ఉండేది. చాయ్ వాసనొస్తే కక్కొచ్చేది. ఎండకాలంల గూడ చలి. పొద్దుగాల లేస్తే దిండు తడి, దుప్పటి తడి. మంది చూస్తే ఏమనుకుంటరో అని దుప్పటి నేనే... నేనే దాచుకునేదాన్ని."

"కీమో అప్పుడు?"

"మొదటి సూది పడినంక పదిహేనో రోజు జుట్టు ఊడింది. దువ్వెనకు గాదు, చేతికే వచ్చింది, గుప్పెడు. పారేయలే. గుడ్డల మూట కట్టి పెట్టుకున్న. నోట్లె పుండ్లు. గంజి తప్ప దిగకపోయేది. దాంట్ల ఉప్పేస్తే మండేది, ఏయకుంటే దిగకపోయేది."

అవన్నీ ఆమెకు తెలుసు. ఆ గంజి కాచింది ఆమే. చెప్పిన ప్రతి మాటా నిజం. మనిషి ఒక్కటే వేరు. ఆ గదిలో నా భార్య కష్టమంతా ఒకటొకటిగా బయటికి వచ్చి, బాగైపోయిన మనిషి ఖాతాలో చేరుతోంది. రచన తల ఊపుతూ రాసుకుంటోంది. మధ్యలో ఒకసారి అఫ్షా మోకాలి మీద చెయ్యి వేసి, "మస్తు ధైర్యం ఆంటీ మీకు," అంది.

"జుట్టు మళ్ల ఎప్పుడొచ్చింది?"

అఫ్షా కొంగు గడ్డం కిందికి లాక్కుంది.

"నాలుగు నెలలకు," అంది. "ముందు పసిపిల్లల జుట్టు లెక్క మెత్తగ. ఎనుక మంచిగనే."

మా ఆడవాళ్లలో ఎవరైనా పోతే, కడిగి ఖఫన్ గుడ్డ చుట్టే ముందు జుట్టు రెండు పాయలు చేసి గుండెల మీద వేస్తారు. మన్సూరాను కడిగింది అఫ్షా. వేయడానికి జుట్టు లేదు.

"మరి పాయలెందుకు ఏయలేదు అఫ్షా?" అన్నాను.

తారిఖ్ "భాయ్!" అన్నాడు. రచన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"గీమెకు ఏ బీమారీ రాలేదమ్మా," అన్నాను. "ఇంతసేపు గీమె చెప్పింది నా భార్య సంగతి. పేరు మన్సూరా. నీ ట్యాబ్‌ల ఉన్న ఫోటో ఆమెది. గీమె కార్డు మీద చూపించినం. నాలుగు కీమోలు పడ్డయి. ఐదోది పడలేదు. సచ్చిపోయింది. పడకుండ ఆపింది వీడు."

"దిమాగ్ ఖరాబైందా నీకు?" తారిఖ్ లేచి కూర్చున్నాడు. ఊపిరి అందడం లేదు. "అయిదేండ్లు మాట్లాడవు, ఇయ్యాల వచ్చి గవర్నమెంటు మనిషి ముంగట గీ ముచ్చట పెడుతవా? నా కార్డు మీద నీ భార్యకు ఇలాజ్ చేపిస్తివి. అప్పుడు నేను మంచోణ్ణి. గిప్పుడు గదే కార్డు మీద వారానికి రెండుసార్లు గీ చెయ్యి మిషన్‌కు కడుతున్న. గది పోతే పది రోజులు బతక నేను. పది రోజులు! నీ కళ్లు సల్లబడతయా?"

"ఐదో సూది ఆగినంక ఆమె నలభై రోజులు బతికింది," అన్నాను.

"జైలుకు పోతనని భయపడ్డ భాయ్. భయపడుడు గూడ గునానేనా, పాపమేనా?"

"నీ భయానికి ఆమె సచ్చిపోయింది."

"నా కార్డుకే నాలుగు సూదులు బతికింది! అది చెప్పవు!"

రచన లేచి నిలబడింది. ముఖం మాడిపోయింది. "ఆగుండ్రి, ఆగుండ్రి. నేను గవర్నమెంటు మనిషిని గాదు. నా పని రాసుకునుడు వరకే. కానీ గిట్లయితే..." ట్యాబ్ వైపు చూసింది. "ఇంత రాసుకున్న నేను."

"కొట్టేసి మన్సూరా పేరు రాయి. సచ్చిపోయిందని రాయి," అన్నాను.

"కాగితం ఉన్నదా ఆ పేరు మీద?"

నేను దుకాణంలోకి పోయి, దబ్బనాల అర వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చాను. ఆమె కోయించుకున్న బిళ్ల ముక్కలు, గాజు పలకల మీద. వేరే డాక్టరుకు చూపించుకోవడానికని ఆసుపత్రివాళ్లే ఇచ్చారు. రెండు పలకలు. ఒక్కోదాని మీద గోరంత గులాబీ రంగు మచ్చ. మిగతా మనిషిని, జుట్టు మూటతో సహా, మట్టిలో పెట్టాను. ఇంతవరకు మట్టిలో పడనిది ఆ మచ్చ ఒక్కటే.

రచన పలకను వెలుతురుకు ఎత్తి చూసింది. అంచున అంటించిన చీటీ చదివింది.

"గీడ గూడ అఫ్షా బేగం అనే ఉన్నది అంకుల్."

"పేరు చూడకు. లోపలున్నది చూడు."

"లోపలున్నదానికి పేరుండదు," అంది మెల్లగా. పలకను జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. "మన్సూరా పేరు మీద పరీక్ష లేదు. ఫైలు లేదు. పోయిన కాగితంల ఏమున్నది?"

"జ్వరం."

"ఎవరు చెప్పిన్రు జ్వరమని?"

"నేనే."

ఆ తర్వాత ఆమె చెప్పినదంతా నిదానంగానే చెప్పింది. పేరు తప్పని పెడితే అఫ్షా కేసు తీసేస్తారు. కారణం రాయాలి. ఆ కారణం ఆసుపత్రికి పోతుంది. అక్కడి నుంచి కార్డు దాకా పోతుందో లేదో ఆమె చెప్పలేదు. మన్సూరా పేరు మాత్రం చేరదు. పదకొండుకు పది అవుతాయి.

"ఏమీ అనకుంట ఉంచితే?"

"బతికున్నదని పోతది. నాలుగు కీమోలతోనే బతికిందని."

"ఒక్క మనిషితోని ఏమైతది?" అన్నాడు తారిఖ్. "దేశంల ఎన్ని లక్షలు లేరు?"

"దేశంల ఏం గాదు అంకుల్. పదకొండు మందిల అయితది. ఆరుగురు పోయిన్రు, ఇద్దరు దొరకలే, ఇద్దరే ఉన్నరు. గీమెతోని ముగ్గురైతరు. మీ దిక్కు జనం మంచిగ బతుకుతున్నరని వస్తది."

రేపు ఇంకొకడి భార్య నాలుగు కీమోలకే మంచం దిగి ఇంటికి పోతానంటుంది. అడ్డం నిలబడాల్సినవాళ్లు నిలబడరు. కాగితంలో ఉంది, నాలుగుతో బతికిన మనిషి మెదక్‌లో ఉంది అంటారు. నాకు ఆ ఇంకొకడి మీద జాలి లేదు. నా మీద ఎవరికి ఉండింది? కానీ మన్సూరా చావు సాక్ష్యంగా పెట్టి ఎవరో ఆ మాట అనడం నేను ఒప్పుకోలేను.

"కారణం రాయి," అన్నాను. "కేసు తీసెయ్యి."

తారిఖ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పట్టీ కట్టిన చెయ్యి పైన, నాకు కనబడేలా ఉంది.

అప్పుడు అఫ్షా మాట్లాడింది. "సచ్చిపోయినట్టు రాయమ్మా."

"ఎవరు ఆంటీ?"

"నేనే. అఫ్షా బేగం. పేరు మార్చకు. మా అక్క పోయిన తారీఖు గీ దుల్హేభాయ్, మా బావ, చెప్తడు, గది ఎయ్యి. నాలుగు సూదులు పడ్డయి, సచ్చిపోయింది. అంతే గదా నిజం? కార్డు జోలికి ఎవరొస్తరు?"

"తౌబా!" తారిఖ్ ఇటు తిరిగాడు. "బతికున్న ఆడిది సచ్చిపోయిన్ననుడేంది? మంచి శకునమా ఇంటికి?"

"నువ్వు ఊకో. ఆనాడు గడప లోపల నిలబెడితివి, నిలబడ్డ. దాటితే ఏం చేస్తుండెనో నువ్వు? కొడుతుండెనా? కొట్టినా దాటాల్సుండె నేను." నా వైపు చూసింది మొదటిసారి. "చెప్పు దుల్హేభాయ్. తారీఖు చెప్పు."

నేను తారీఖు చెప్పాను. దాటాల్సుండె అన్న ఆమె మాటకు ఐదేళ్లు ఆలస్యమైంది.

రచన వేలు ట్యాబ్ మీద ఆగింది. "మిమ్మల్ని కండ్లార చూసి, మీతోని ఇంతసేపు మాట్లాడి, పోయిన్రని ఎట్ల రాయాలె ఆంటీ? రేపు మీకే ఏదన్న బీమారొచ్చి మా దవాఖానకు వస్తే? కంప్యూటర్ల పోయినోళ్లకు చీటీ ఇయ్యరు."

"రాను."

"అందరు అట్లనే అంటరు. వస్తరు."

నేను రచన పక్కకు పోయి ట్యాబ్ చూశాను. మూడు గుండ్రాలు ఉన్నాయి. బతికి ఉన్నారు. చనిపోయారు. ఆచూకీ దొరకలేదు. రచన మొదటిదాని మీద వేలు పెట్టి తీసింది. రెండోదాని మీద పెట్టి తీసింది. చెమట తుడుచుకుంది. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లుంటాయేమో ఆ పిల్లకు. ఇక్కడి నుంచి పోయి నిద్రపోవాలి కదా.

"దొరకలేదని పెడ్త," అంది. "ఇల్లు దొరకలే, ఫోన్ కలవలే. అప్పుడు బతికినోళ్లల్ల కలవదు, పోయినోళ్లల్ల కలవదు. కార్డుకు ఏం గాదు, ఆంటీకి ఏం గాదు. లెక్క గూడ ఖరాబు గాదు."

ఎవరూ సరే అనలేదు, వద్దనలేదు. మూడోది నొక్కింది. గుండ్రంలో చుక్క పడింది. మన్సూరా ఫోటో పైకి జరిగి, కనబడకుండా పోయింది.

"ఆ ఫోటో ఇస్తవా?" అన్నాను.

"పేషెంట్లది బయటికి ఇయ్యొద్దు అంకుల్. రూల్."

"ఆమె ఎక్కడున్నదో నాకు తెలుసు. ఖబ్రస్తాన్‌ల రెండో వరుస. నడిస్తే పది నిమిషాలు. చూపిస్త రా."

"బస్సున్నది అంకుల్," అంది నేల చూస్తూ.

అఫ్షా రెండు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. వద్దంటూనే తీసుకుంది. తారిఖ్ కళ్లు మూసుకుని ఉన్నాడు. బతికి బయటపడ్డవాడి ముఖం. నేను గడప దిగుతుంటే అఫ్షా వెనక వచ్చింది.

"ఆ డబ్బా ఒక్కసారి ఇయ్యి దుల్హేభాయ్. చెయ్యి పెట్టి చూసి ఇస్త."

ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాను.

రోడ్డు మీద ఎండ దంచుతోంది. ఏడుపాయల గుడి నుంచి తిరిగొస్తున్న ఆటోలు నిండుగా పోతున్నాయి, తలలు గొరిగించుకున్న పిల్లలు కంబీలు పట్టుకుని బయటికి చూస్తున్నారు. ఆ తలల మీద రెండు నెలల్లో జుట్టు వస్తుంది. రచన ఒక ఆటోకు చెయ్యెత్తింది. ఆగలేదు.

"అంకుల్, నా మీద కోపం పెట్టుకోకుండ్రి."

"పెట్టుకుంట," అన్నాను.

ఇంకో ఆటో ఆగింది. ఆమె ఒక కాలు లోపల పెట్టాక అడిగాను.

"దొరకనోళ్లు గిప్పుడు ఎందరైన్రు?"

"ముగ్గురు."

"తక్కిన ఇద్దరి ఇండ్లు నిజంగనే దొరకలేదా నీకు?"

ఆమె నా వైపు చూసింది. డ్రైవరు "జరుగుండ్రి, జరుగుండ్రి" అని లోపలివాళ్లను కసిరాడు. రచన సర్దుకుని కూర్చుని, ట్యాబ్ సంచిలో పెట్టి జిప్పు లాగింది. ఆటో కదిలింది.

నేను వచ్చి పరుపు దగ్గర కూర్చున్నాను. దబ్బనం వదిలిన చోటే ఉంది. కుట్టు వేయబోయే ముందు అలవాటుగా అరచెయ్యి ఆనించి చూశాను. మూలన ఒక ఉండ తగిలింది. దారం తెంపి, దూది మొత్తం బయటికి లాగాను.